జాన్స్ హాప్కిన్స్ జీనోమిక్ డేటా సైన్స్ కోర్సులు: ఫెలోషిప్‌కి అప్లై చేసేవాళ్ల కోసం ఒక రివ్యూ

కోర్సెరాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ 2015లో మొదలుపెట్టిన జీనోమిక్ డేటా సైన్స్ స్పెషలైజేషన్ గురించి ఈ రివ్యూ. ఏడు కోర్సులు, చివర ఒక క్యాప్‌స్టోన్ ప్రాజెక్టు. పీహెచ్‌డీ ఫెలోషిప్‌కి అప్లై చేయాలనే నేను ఇది చేశాను, కాబట్టి ఆ కోణంలోనే రాస్తున్నాను. యూరప్‌లో ఒక డాక్టోరల్ నెట్‌వర్క్‌లో నాకు ఫెలోషిప్ వచ్చింది, ఇప్పుడు వీసా పని నడుస్తోంది. సర్టిఫికెట్ చూసి మాత్రం రాలేదు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ గురించి ఒక్క మాట కూడా అడగలేదు. అడిగినవన్నీ నేను చేసిన పని గురించే, ఆ పని పుట్టింది ఈ కోర్సుల హోంవర్కుల్లోంచే. ఈ తేడా తెలిసి చేరినవాళ్లకు ఇది బంగారం లాంటి కోర్సు. లింక్డిన్‌లో పెట్టుకోవడానికైతే ఇంత శ్రమ అక్కర్లేదు.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేసి, హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో చేరాను. నా పని లైబ్రరీ ప్రెప్. రక్తం నుంచి డీఎన్‌ఏ తీయడం, ముక్కలు చేయడం, అడాప్టర్లు అతికించడం, క్యూబిట్ మీటర్‌లో కొలవడం, డీఎన్‌ఏ అక్షరాలు చదివే మెషిన్‌కి, అంటే సీక్వెన్సర్‌కి ఎక్కించడం. రన్ అయిపోయాక డేటా పై అంతస్తులో బయోఇన్ఫర్మాటిక్స్ టీంకి వెళ్లిపోతుంది. నేను ఎక్కించిన శాంపిల్ ఏమైందో, అందులో ఏం కనిపించిందో నాకు తెలిసేది కాదు. అడిగితే "అదంతా కమాండ్ లైన్ వ్యవహారం అమ్మా, నీకెందుకు" అనేవారు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. పైపెట్ పట్టుకున్నవాళ్లకు డేటా చదవడం రాకూడదని ఎక్కడ రాసుంది?

ఎనిమిదింటిలో ఏదో ఒక్కటే చేసే వీలుంటే బెన్ లాంగ్‌మీడ్ చెప్పే 'అల్గారిథమ్స్ ఫర్ డీఎన్‌ఏ సీక్వెన్సింగ్' చేయండి. ఈయన బౌటీ రాసిన మనిషి. సీక్వెన్సర్ నుంచి వచ్చిన కోట్ల ముక్కల్లో ఏది జీనోమ్‌లో ఎక్కడిదో వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. దాన్ని తయారుచేసినాయనే పాఠం చెబితే ఎలా ఉంటుందో నాలుగు వారాల ఈ కోర్సులో తెలుస్తుంది. ముందు తేలికైన, నెమ్మదిగా నడిచే పద్ధతి చూపిస్తారు. అది ఎందుకు పనికిరాదో మనచేతే రన్ చేయించి చూపిస్తారు. ఆ తర్వాతే బోయర్-మూర్, కె-మర్ (కె అక్షరాల పొడవున్న చిన్న ముక్క) ఇండెక్స్, ఎడిట్ డిస్టెన్స్, డి బ్రైన్ గ్రాఫ్ లాంటి మెరుగైన పద్ధతులు. ఏదీ ఆకాశం నుంచి ఊడిపడినట్టు ఉండదు.

మొదటి వారం హోంవర్క్‌లో ఒక ప్రశ్న గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒక ఫాస్ట్‌క్యూ ఫైల్ ఇస్తారు. నిజంగా మనిషి డీఎన్‌ఏ నుంచి వచ్చిన రీడ్లు, అంటే మెషిన్ చదివిన ముక్కలు, మొదటి వెయ్యి. ఫాస్ట్‌క్యూలో ఒక్కో రీడ్‌కి నాలుగు లైన్లు ఉంటాయి: పేరు, అక్షరాలు, ఒక ప్లస్ గుర్తు, నాలుగో లైన్లో చెత్తలా కనిపించే గుర్తులు. ఆ గుర్తులే నాణ్యత. ఒక్కో గుర్తు ఆస్కీ విలువలోంచి 33 తీసేస్తే ఆ అక్షరం స్కోరు వస్తుంది. స్కోరు 40 అంటే ఆ అక్షరం తప్పయ్యే అవకాశం పదివేలలో ఒకటి, 20 అంటే వందలో ఒకటి. ప్రశ్న ఏమిటంటే, ఈ రన్‌లో ఒక సైకిల్ పాడైంది, అది ఎన్నోదో కనిపెట్టండి అని.

సైకిల్ అంటే నాకు చేతులకు తెలిసిన విషయం. మెషిన్ ఒక్కో సైకిల్‌లో ఒక్కో అక్షరం చేర్చి ఫొటో తీస్తుంది. ఫ్లో సెల్‌లో గాలి బుడగ వచ్చినా, ఫోకస్ చెదిరినా ఆ సైకిల్ ఫొటో పోతుంది, ఆ ఒక్క స్థానంలో వేల రీడ్లలో ఒకేసారి 'ఎన్' (అక్షరం తెలియదు) అని పడుతుంది. పది లైన్ల పైథాన్ రాసి, ప్రతి స్థానంలో సగటు స్కోరు లెక్కేసి గ్రాఫ్ గీశాను. చదునుగా పోతున్న గీత ఒకచోట గుంటలో పడ్డట్టు కిందికి దిగి మళ్లీ పైకి లేచింది. నేను రోజూ శాంపిల్ ఎక్కించే మెషిన్ లోపల ఏం జరుగుతుందో ఆ గుంటలో కనిపించింది. జవాబు ఇక్కడ రాయను, అది మీరే చూడాలి.

నాలుగో వారం హోంవర్క్ ఇంకా గొప్పది. పేరు చెప్పని ఒక వైరస్ నుంచి వచ్చిన ముక్కలు ఇస్తారు, వాటిని కలిపి మొత్తం జీనోమ్ కట్టాలి. ఒక్క ఆధారం ఇస్తారు: పొడవు సరిగ్గా 15,894 అక్షరాలు. క్లాసులో చూపించిన గ్రీడీ పద్ధతి ప్రతి ముక్కనీ ప్రతి ముక్కతో పోలుస్తుంది, నా పాత లాప్‌టాప్‌లో అది కదలదు. ముక్కల చివరలను కె-మర్ డిక్షనరీలో పెట్టుకుని, పొంతన కుదిరే అవకాశం ఉన్నవాటినే పోల్చేలా మార్చాలి. ఆ మార్పు తర్వాత స్క్రీన్ మీద 15894 అన్న అంకె వచ్చినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ అక్షరాలను తెలిసిన జీనోమ్‌లతో పోల్చి చూపే ఎన్‌సీబీఐ బ్లాస్ట్ సైట్‌లో పెడితే వైరస్ పేరు వస్తుంది. మన ఊళ్లలో ప్రతి అమ్మమ్మకీ తెలిసిన జబ్బు అది.

ఇంటర్వ్యూ ప్యానెల్‌లో ఒకావిడ అడిగిన మొదటి ప్రశ్న దీని నుంచే వచ్చింది. "మీరు కె విలువ 31 పెట్టారు, 30 ఎందుకు కాదు?" అని. కె-మర్ టూల్స్‌లో సాధారణంగా బేసి సంఖ్యే పెట్టడానికి కారణం ఉంది. మన 'వికటకవి'ని వెనక్కి చదివినా వికటకవే కదా, డీఎన్‌ఏలోనూ అలాంటివి ఉంటాయి. కాకపోతే అక్కడ తిరగేయడంతో పాటు ప్రతి అక్షరాన్నీ దాని జోడీతో మార్చాలి, ఎ బదులు టి, జి బదులు సి. జి-ఎ-ఎ-టి-టి-సి ని అలా చేసి చూడండి, మళ్లీ అదే వస్తుంది. అప్పుడు ఆ ముక్క రెండు పోగుల్లో దేని నుంచి వచ్చిందో చెప్పలేం, అసెంబ్లీ గ్రాఫ్‌లో దారి తికమకవుతుంది. పొడవు బేసి అయితే సరిగ్గా నడిమధ్య ఒక అక్షరం మిగులుతుంది, ఏ అక్షరమూ తనకు తానే జోడీ కాదు, కాబట్టి ఆ చిక్కే రాదు. ఇది నేను కాగితం మీద గీసుకుని అర్థం చేసుకున్న విషయం కాబట్టి టెన్షన్ లేకుండా చెప్పగలిగాను. బట్టీ పట్టి ఉంటే తర్వాతి ప్రశ్నకే ఆగిపోయేదాన్ని.

జెఫ్ లీక్ చెప్పే స్టాటిస్టిక్స్ కోర్సు నా లెక్కలో రెండోది. ఆయన వేగంగా మాట్లాడతారు, స్పీడు తగ్గించుకుని వినండి. ఎమ్మెస్సీలో టీ-టెస్ట్, కై-స్క్వేర్ దగ్గర ఆగిపోయిన మనలాంటివాళ్లకు మొదటి వారం కొంచెం కష్టంగానే ఉంటుంది. ఆగకుండా సాగితే బ్యాచ్ ఎఫెక్ట్ దగ్గరికి వస్తారు, అక్కడే ఈ కోర్సు ప్రాణం ఉంది. వ్యాధి ఉన్నవాళ్ల శాంపిల్స్ సోమవారం, లేనివాళ్లవి గురువారం నడిపితే, వచ్చిన తేడా వ్యాధిదా, గురువారానిదా? లీక్ ఈ సమస్య మీద ఏళ్ల తరబడి పనిచేసి ఎస్‌వీఏ అనే ప్యాకేజీ తయారుచేసిన మనిషి, అందుకే ఆయన చెబుతుంటే అందులో బరువు ఉంటుంది. ల్యాబ్‌లో ప్లేట్లు నింపేవాళ్లు ఈ పాఠం తప్పక వినాలి. ఏ శాంపిల్ ఏ ప్లేట్‌లో పెట్టాలన్నది మన చేతిలోనే ఉంటుంది. అక్కడ జరిగిన పొరపాటును ఎంత తెలివైన ప్రోగ్రామర్ కూడా తర్వాత పూర్తిగా సరిచేయలేడు.

నా సొంత ప్రాజెక్టు ఇక్కడే మొదలైంది. జన్యు డేటా భద్రపరిచే జీఈఓ అనే సైట్‌లో అందరికీ అందుబాటులో ఉన్న ఒక డెంగీ డేటా తీసుకుని, రోగుల రక్తంలో జన్యువుల తీరు చూద్దామనుకున్నాను. పోలిక ఉన్న శాంపిల్స్ దగ్గరదగ్గరగా కనిపించే పీసీఏ గ్రాఫ్ గీస్తే శాంపిల్స్ రెండు గుంపులుగా చక్కగా విడిపోయాయి. రోగులు ఒకవైపు, ఆరోగ్యవంతులు ఒకవైపు అనుకుంటాం కదా, అలా లేదు. ఫాస్ట్‌క్యూ మొదటి లైన్లో మెషిన్ పేరు, రన్ నంబరు, ఫ్లో సెల్, లేన్ ఉంటాయి. అవి విడదీసి గ్రాఫ్‌లో రంగులేస్తే, గుంపులు విడిపోయింది రన్‌ని బట్టి అని తేలింది. ఈ ఉపాయం నేను కనిపెట్టింది కాదు. 2015లో యోవ్ గిలాద్, ఓర్నా మిజ్రాహి-మాన్ ఇలాగే ఫాస్ట్‌క్యూ హెడర్లు చదివి, మౌస్ ఎన్‌కోడ్ అనే పెద్ద ప్రాజెక్టు డేటాలో మనిషి శాంపిల్స్, ఎలుక శాంపిల్స్ చాలావరకు వేర్వేరు బ్యాచ్‌లలో నడిచాయని చూపించారు. ఎలుక గుండె మనిషి గుండెకన్నా ఎలుక కాలేయానికే దగ్గర అన్నట్టు వచ్చిన ఫలితం మీద ఆ ఒక్క పనితో పెద్ద చర్చ నడిచింది.

నా రెండు పేజీల స్టేట్‌మెంట్‌లో సగం ఈ గ్రాఫ్ గురించే రాశాను. ఏం దొరికిందో, ఏం చెప్పలేమో, మళ్లీ చేస్తే శాంపిల్స్ ఎలా పంచుతానో రాశాను. కొత్త జన్యువు కనిపెట్టానని రాయలేదు. ఇంటర్వ్యూలో ఎక్కువ సమయం దీని మీదే గడిచింది.

స్టేట్‌మెంట్ గురించి ఇంకో మాట. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళితే డబ్బు తీసుకుని వాళ్లే రాసిస్తామన్నారు. చూపించిన నమూనా "చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ఆసక్తి" అని మొదలవుతుంది. ఆ నమూనాలో పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది, ఎవరికైనా సరిపోయేది మీకు పనికిరాదు. నేను నా 'ఎందుకు'ని ఇలా రాశాను: హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌కి చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వేసిన పేపర్‌లో మన వైశ్య సమాజం ప్రస్తావన ఉంది. ఆ సమాజంలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతావాళ్లలో కన్నా చాలా ఎక్కువ. ఆ లోపం ఉన్నవాళ్లకు ఆపరేషన్ ముందు సక్సినైల్‌కోలిన్ అనే కండరాలు సడలించే మందు ఇస్తే అవి చాలాసేపు తిరిగి పనిచేయవు. ముందే తెలిస్తే డాక్టర్ వేరే మందు ఇస్తాడు, అంతే. మన జనం జీనోమ్‌లను మన ల్యాబుల్లో చదవగలిగేవాళ్లు ఎందుకు కావాలో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

మిగతా కోర్సులు త్వరగా చెప్పేస్తాను. మొదటిది, 'ఇంట్రడక్షన్ టు జీనోమిక్ టెక్నాలజీస్', ల్యాబ్ అనుభవం ఉన్నవాళ్లకు చాలావరకు తెలిసిందే. కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చేవాళ్లు మాత్రం వదలకూడదు. మిహేలా పెర్టియా, స్టీవెన్ సాల్జ్‌బర్గ్‌ల పైథాన్ కోర్సు కుదురుగా ఉంటుంది గానీ, పైథాన్ ముఖం కూడా చూడనివాళ్లకు అదొక్కటే చాలదు. ముందు ఇంకెక్కడైనా కాస్త నేర్చుకుని రండి. కమాండ్ లైన్ కోర్సులో యూనిక్స్, శామ్‌టూల్స్, బెడ్‌టూల్స్ భాగం ఇప్పటికీ పనికొస్తుంది. టాప్‌హ్యాట్, కఫ్‌లింక్స్ మాత్రం పాతబడ్డాయి. టాప్‌హ్యాట్ సొంత వెబ్‌సైటే హైసాట్2 వాడుకోమని చెబుతుంది, కాబట్టి ఆ పాఠాల్లో ఆలోచన తీసుకుని టూల్ మార్చుకోండి. అప్లికేషన్‌లో "టాప్‌హ్యాట్ వచ్చు" అని రాయకండి. క్యాస్పర్ హాన్సెన్ చెప్పే బయోకండక్టర్ (ఆర్ భాషలో జీనోమిక్స్ ప్యాకేజీల సమాహారం) కోర్సు చిక్కగా ఉంటుంది. వరసగా చూసుకుపోవడం కన్నా, అవసరమైనప్పుడు జీరేంజెస్, సమ్మరైజ్డ్ ఎక్స్‌పెరిమెంట్ పాఠాలు తీసి చూసుకోవడం మేలు.

గెలాక్సీ కోర్సు గురించి మాత్రం కొంచెం ఆగాలి. చెప్పేది జేమ్స్ టేలర్, ఆంటన్ నెక్రుటెంకోతో కలిసి గెలాక్సీని నిర్మించినవాడు. 2020 ఏప్రిల్‌లో ఆయన చనిపోయారు. పాఠాలు మిగిలాయి, గెలాక్సీ కూడా మిగిలింది. ఖాతా తెరిస్తే బ్రౌజర్‌లోనే రీడ్లను జీనోమ్ మీద సరిపెట్టే అలైన్‌మెంట్ దగ్గర్నుంచి తేడాలు పట్టే వేరియంట్ కాలింగ్ దాకా ఉచితంగా చేసుకోవచ్చు. మంచి కంప్యూటర్ లేదు, సర్వర్ లేదు, కాలేజీలో క్లస్టర్ లేదు అని ఆగిపోయినవాళ్లకు ఇంతకన్నా పెద్ద సాయం లేదు. నా డెంగీ డేటా అలైన్‌మెంట్ మొత్తం ఫ్రైబుర్గ్‌లోని యూరప్ సర్వర్ మీదే నడిచింది, నా లాప్‌టాప్ తెరలా పనిచేసిందంతే. చేసిన ప్రతి అడుగూ హిస్టరీలో ఉండిపోతుంది, దాని లింక్ అప్లికేషన్‌లో ఇవ్వచ్చు, నేను ఇచ్చాను. టేలర్ పేరు మీద ఉన్న జేఎక్స్‌టీఎక్స్ ఫౌండేషన్ గ్రాడ్యుయేట్ విద్యార్థులు కాన్ఫరెన్స్‌లకు వెళ్లడానికి స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. పీహెచ్‌డీలో చేరినవాళ్లు గుర్తుపెట్టుకోండి.

క్యాప్‌స్టోన్‌లో అచ్చయిన ఒక పరిశోధనను మనం మళ్లీ చేయాలి. మెదడు ఆర్‌ఎన్‌ఏ-సెక్ (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చూపే) డేటా, గర్భస్థ శిశువులది ఒకవైపు, పెద్దవాళ్లది ఇంకోవైపు. డేటా దించుకోవడం నుంచి రిపోర్ట్ రాయడం దాకా అంతా మనదే. శాంపిల్ వివరాల్లో ఆర్‌ఐఎన్ అనే అంకె ఉంటుంది, ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పేది. ల్యాబ్‌లో బయోఎనలైజర్ ముందు కూర్చున్నవాళ్లకు దాని విలువ తెలుసు, మోడల్‌లో దాన్ని కలపకుండా ఉండలేరు. ఈ కోర్సుల్లో ల్యాబ్ మనిషికి కోడింగ్ మనిషి కన్నా ముందడుగు దొరికే చోట్లు ఇలాంటివి. వీటినే స్టేట్‌మెంట్‌లో పైకి తేవాలి.

ఈ కోర్సులు ఇవ్వలేనిది ఒకటుంది: మిమ్మల్ని ఎరిగిన మనిషి రాసే ఉత్తరం. సర్టిఫికెట్‌కి రికమెండేషన్ లెటర్ రాదు. మా ఎమ్మెస్సీ సార్‌ని అడిగితే, "నువ్వే రాసి పంపమ్మా, చూసి సంతకం పెడతాను" అన్నారు, అందరికీ అలవాటైన పద్ధతే. నేను ఉత్తరం రాయకుండా, ఆ పీసీఏ గ్రాఫ్ ఒక పేజీ, నేను చేసిన పని అర పేజీ పంపి, "సార్, మీరు నా డిసర్టేషన్‌లో చూసింది, ఇందులో కనిపించింది కలిపి మీ మాటల్లో రాయండి" అని అడిగాను. సార్ ఫోన్ చేసి అరగంట ప్రశ్నలు వేసి, ఆ తర్వాత తనే రాశారు. చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉంటే పెద్దవాళ్లు కూడా శ్రద్ధ పెడతారు.

ఎక్కడ అప్లై చేయాలన్నది కోర్సులో చెప్పరు, కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. అమెరికాలో జీనోమిక్స్ ట్రైనింగ్ ప్రోగ్రాం పేజీలు చూసి చాలామంది ఆశపడతారు. వాటిలో చాలావరకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వారి టీ32 గ్రాంట్‌తో నడుస్తాయి, ఆ డబ్బు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకే ఇస్తారు. సైన్స్‌కి నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ కూడా అంతే. అంటే అమెరికాలో మనకు దారి లేదని కాదు. పీహెచ్‌డీకి తీసుకున్న డిపార్ట్‌మెంటే టీఏ (టీచింగ్ అసిస్టెంట్), ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్), సొంత ఫెలోషిప్ రూపంలో ఖర్చు భరిస్తుంది. అప్లికేషన్ ఫీజు కట్టేముందే ప్రోగ్రాం కోఆర్డినేటర్‌కి రెండు లైన్ల ఈమెయిల్ పెట్టండి, విదేశీ విద్యార్థులకు మొదటి ఏడాది నిధులు ఎక్కణ్ణుంచి అని. జవాబు ఇస్తారు.

యూరప్‌లో మేరీ స్క్లొడోవ్‌స్కా-క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులకు ఏ దేశం వాళ్లయినా అప్లై చేయచ్చు. ఇంతకుముందు పీహెచ్‌డీ ఉండకూడదు, చేరబోయే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. ఇది స్టైపెండ్ కాదు, ఉద్యోగ కాంట్రాక్ట్. ఖాళీలు యూరాక్సెస్ సైట్‌లో వస్తాయి, ఒక్కో పొజిషన్‌కి ఒక్కో గడువు. యూరప్ మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్ ఎంబ్ల్ వాళ్ల పీహెచ్‌డీ ప్రోగ్రాం, కేంబ్రిడ్జ్ దగ్గర హింక్స్‌టన్‌లోని సాంగర్ ఇన్‌స్టిట్యూట్ కూడా చూడండి.

ఇంటి దగ్గరే ఉండాలనుకునేవాళ్లు తక్కువేం కాదు. సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 జనవరి నుంచి నెలకు 37,000, దాని మీద హెచ్‌ఆర్‌ఏ. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 70,000. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, డీఎన్‌ఏ పరిశోధన చేసే సీడీఎఫ్‌డీ ఉన్నాయి. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో పదివేల మంది జీనోమ్‌ల డేటా 2025 జనవరిలో ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఆ డేటా చదవడానికి చేతులు చాలా కావాలి.

ఇక డబ్బు విషయం. లాంగ్‌మీడ్ లెక్చర్లు యూట్యూబ్‌లో, లీక్, హాన్సెన్ పాఠాల నోట్స్ వాళ్ల వెబ్ పేజీల్లో ఉచితంగా ఉన్నాయి. కోర్సెరాకి డబ్బు కట్టేది హోంవర్కులు దిద్దించుకోవడానికి, గడువు మీద పని చేయడానికి. ఫీజు కట్టలేనివాళ్లకు ఫైనాన్షియల్ ఎయిడ్ ఉంది. కోర్సు కోర్సుకీ విడిగా అడగాలి, జవాబు రావడానికి రెండు వారాల దాకా పడుతుంది, అందుకే ఒక కోర్సు మధ్యలో ఉండగానే తర్వాతి దానికి అప్లై చేసి పెట్టుకోండి. అమెరికా గడువులు చాలావరకు డిసెంబరు మొదట్లో ఉంటాయి. వేసవిలో అల్గారిథమ్స్, స్టాటిస్టిక్స్ ముగించి, దసరా నాటికి సొంత డేటా మీద ఒక గ్రాఫ్ చేతిలో ఉంటే, సార్‌కి పంపడానికీ స్టేట్‌మెంట్ తిరగరాసుకోవడానికీ టైం సరిపోతుంది.